వెండితెర కథ, యింటి యంత్రమున ఆట



గోదావరి తీరమునుండి యొక సోదరి మాకు ఉత్తరము వ్రాసిరి. వారి యింట అటక దులుపుచుండగా పాత డిస్కు ఒకటి బయటపడినదట. పైని ఆమిర్ ఖాను బొమ్మ, ‘గజిని’ యను పేరు. సినిమా కాబోలునని వారు ప్రక్కన బెట్టబోగా, పదునాలుగేండ్ల కుమారుడు అది సినిమా కాదనియు, కంప్యూటరులో నాడుకొను ఆట యనియు చెప్పి, నాటినుండి దానిని వదలకున్నాడట. “సినిమాను ఆటగా చేయుట యేమిటి? చూచిన కథను మరల ఆడుటలో రుచి యేమి? వానిని ఆడనీయవచ్చునా, లాగికొనవలెనా?” అని వారి ప్రశ్నలు. మీరు కృష్ణానగరులో కాపురమున్నారు గదా, మీకు తెలియని సినిమా సంగతు లుండునా యని చివర నొక మాట చేర్చిరి.

కృష్ణానగరులో కాపురమున్నవారికి సినిమా సంగతులన్నియు తెలియునను నమ్మకము మా బంధువులందఱికిని గలదు. మాకు తెలిసినది మా వీధి. తెల్లవాఱకముందే జూనియర్ ఆర్టిస్టుల నెక్కించుకొనిపోవు బండ్లు మలుపున వచ్చి నిలుచును. దుస్తులు అద్దెకిచ్చు కొట్లలో రాజుగారి కిరీటమును, పోలీసు చొక్కాయును ఒకే మేకునకు వ్రేలాడుచుండును. ఎగువనున్న జూబిలీహిల్సులోను, ఫిలింనగరులోను తెరపై కనబడువారు నివసింతురు. దిగువ నున్న మా వీధులలో తెరపై కనబడియు గుర్తుండనివారు నివసింతురు. మా వారు బడిపంతులు. లైట్లు మోయువారి బిడ్డలు, మేకప్పువారి బిడ్డలు, ఫైటర్ల బిడ్డలు వారియొద్ద లెక్కలు నేర్చుకొనుచున్నారు. ఈ చదువరి సోదరి ప్రశ్నకు మాకు దొరకిన సమాధానము ఆ యిండ్లలో నొకదానినుండియే దొరకినది గాన, దానిని గూర్చి కొంత విపులముగనే వ్రాయుదుము.

(కంప్యూటరును గణనయంత్రమని వ్రాయుట మాకు ఇష్టమే. కాని అట్లు వ్రాసినచో మా యింటి పిల్లలు అది కూరల కొట్టులోని లెక్కలపెట్టె యనుకొందురు. కావున వాడుక మాటనే వాడుచున్నాము.)

ముందుగా ఆ డిస్కు సంగతి. ‘గజిని’ మొదట తమిళమున 2005లో వచ్చినది. సూర్య, ఆసిన్ అందు నటించిరి. అది తెలుగులోనికి అనువాదమై మన యూళ్ళలో బాగుగ నాడినది. దర్శకుడు మురుగదాసు దానినే హిందీలో ఆమిర్ ఖానుతో మరల తీయగా, 2008 డిసెంబరు 25న విడుదలయ్యెను. ఆ హిందీ చిత్రము మన తెలుగువారి చేతిమీదుగా వచ్చినదే: నిర్మాణసంస్థ అల్లు అరవింద్ గారి గీతా ఆర్ట్సు. ఆ చిత్రమును కంప్యూటరు ఆటగా మలచినది గూడ హైదరాబాదు సంస్థయే. దాని పేరు ఎఫ్.ఎక్స్. ల్యాబ్స్. వారు గీతా ఆర్ట్సుతో గలిసి దీనిని వెలువరించి, లోతు, ఎత్తు, వెడల్పు మూడును కానవచ్చు ఆటలలో మన దేశమున నిదియే మొదటిదని చాటుకొనిరి. తొలిస్థానము నెవరికి వారే కట్టబెట్టుకొనుట వ్యాపారమున మామూలే గాన దానిని విడిచిపెట్టుదము. ఆటలో అయిదు ఘట్టములు గలవు. ఆడువాడు కథానాయకుడైన సంజయుడగును. చేతితోను, ఆయుధములతోను, దొరకిన పనిముట్లతోను శత్రువులను పడగొట్టుచు ముందునకు పోవలెను. పదునైదేండ్లు దాటినవారికే యిది తగునని తయారుచేసినవారే సూచించిరి. ఉత్తరము వ్రాసిన సోదరి ఈ సంగతిని ముందుగా గమనింపవలెను. వారి కుమారునికి ఇంకను పదునాలుగే.

కథను ఆటగా మార్చుట మనకు క్రొత్త గాదు. మన పెద్దలు పరమపదసోపానపటమును గోడకు వ్రేలాడదీసి, సంక్రాంతి రాత్రులలో నేలపై పఱచి ఆడినవారే. అందు నిచ్చెనలును పాములును ఊరక గీసిన గీతలు గావు. పుణ్యము ఎక్కించును, పాపము మ్రింగును, చిట్టచివర వైకుంఠము. పురాణములలో చదివిన తత్త్వమునే గవ్వలు వేసి ఆడుకొంటిమి. పై వరుసవఱకును ప్రాకి పెద్దపాము నోట బడి అడుగున కూలినపుడు మా అమ్మమ్మగారు నిట్టూర్చిన నిట్టూర్పు, ఏ ప్రవచనము విన్నపుడును మేము వినలేదు. పురాణము వినునపుడు పడినవాడు వేఱొకడు. పటముపై పడినది మనమే.

ఇదియే ఆటకును కథకును గల భేదమని మాకు తోచుచున్నది. కథలో నాయకుని చింతను మనము చూతుము. ఆటలో నాయకుని చింత మన చింత కావలెను. నాయకుని మొగము తెచ్చి అంటించినంతమాత్రమున సినిమా ఆట కాజాలదు. తోలుబొమ్మకు హనుమంతుని తల కట్టినంతనే లంక దాటునా? ఆడించువాని వ్రేళ్ళలో సముద్రమంత యెడము తెలియవలెను.

మాయాబజారును తీసికొనుడు. 1957లో వచ్చిన ఆ చిత్రమును చూడని తెలుగు ఇల్లు లేదు. అందు ఘటోత్కచుడు శశిరేఖ వేషము ధరించి పెండ్లివారింట తిరుగును. సావిత్రి గారు శశిరేఖగా కాక, శశిరేఖ వేషములో నున్న రాక్షసునిగా నటించిన ఆ ఘట్టములో ఎంత ఆట యున్నది! మెల్లగ నడువవలెను, గొంతు పెగలనీయరాదు, పెండ్లికుమారుని పాదము త్రొక్కవలెను గాని త్రొక్కినట్లు పెద్దలకు తెలియరాదు, ఆకలి వేసినను పెండ్లికూతురువలె తలవంచుకొని కూర్చుండవలెను. ఎవరైన తెలివిగలవారు దీనిని ఆటగా జేసినచో, ఇంట నున్న ఆడువారందఱును గెలుతురు. పుట్టింటినుండి అత్తవారింటికి వెళ్ళిన మొదటి నెలలో మనము ఆడినది అదియే గదా! ఎగిరి తన్నుటలు, గదాయుద్ధములు మాత్రము పెట్టి, ఘటోత్కచుని బొమ్మ అంటించినచో అది మాయాబజారు గానేరదు.

ఈ సంగతిని సముద్రములకు ఆవలివారు నలుబదియేండ్లకు పైబడి నేర్చుకొనుచున్నారు. 1980 తరువాత పడమటి దేశములలో ఇంటింట చిన్న కంప్యూటరులు వెలసినవి. టెలివిజనునకు తగిలించి, పాటల కాసెట్టుల వంటి కాసెట్టులలోనుండి ఆటను యంత్రములోని కెక్కించెడివారు. ఎక్కునంతసేపును గూటిలో పిచ్చుకలు కొట్లాడినట్లు కీచుకీచుమని రొద. కొన్ని నిమిషములు ఓపిక పట్టవలెను. తుదకు తప్పు వచ్చినచో మరల మొదటికి. ఆ యంత్రములలో కమొడోర్ 64 అనునది ప్రసిద్ధము. దాని జ్ఞాపకశక్తి మొత్తము 65,536 ఇంగ్లీషు అక్షరములు పట్టునంత చోటు. ఈ పత్రికవంటి దానిని పది పదునైదు పుటలు నింపినచో అది నిండిపోవును. ఆ చోటిలోనే బొమ్మ, పాట, కథ, లెక్క యన్నియు ఇముడ్చవలెను.

ఆ గాలి మన దేశమునకును కొంత సోకినది. 1984–85లో కేంద్రప్రభుత్వము వారు ‘క్లాస్’ అను పథకము క్రింద సుమారు 250 బడులకు ఇంగ్లండునుండి బి.బి.సి. మైక్రో యను యంత్రములను తెప్పించి యిచ్చిరి. స్పెక్ట్రమ్ అను మఱియొక యంత్రమును 1986లో అనుమతి పొంది యిచ్చటనే తయారుచేసి అమ్మిరి. మా వారు చదివిన బడిలో అట్టి పాత యంత్రమొకటి బీరువాలో గుడ్డ కప్పబడి యుండెడిదట. దుమ్ము పడునని పిల్లలను తాకనిచ్చెడివారు గారు. ఆయుధపూజనాడు మాత్రము బయటికి తీసి, పసుపును కుంకుమయు బెట్టి, హారతి యిచ్చి, మరల లోపల బెట్టి తాళము వేసెడివారట. మా వారు కంప్యూటరునకు నమస్కరించుటను మొదట నేర్చుకొని, వాడుటను తరువాత నేర్చుకొనిరి.

పడమట సినిమాకు ఆట కట్టుటలో ఎల్లరు నెఱిగిన అపకీర్తి ‘ఇ.టి.’ది. 1982లో స్పీల్‌బర్గు తీసిన ఆ చిత్రమును, వేఱొక గ్రహమునుండి వచ్చి దిగబడిన ఆ చిన్న జీవిని, లోకమంతయు ముద్దు చేసినది. ఆ యేటి క్రిస్మసు అమ్మకములకు ఆట సిద్ధము కావలెనని అటారీ సంస్థవారు పట్టుబట్టిరి. హోవర్డ్ స్కాట్ వార్షా యను నతనికి దక్కిన గడువు సుమారు అయిదు వారములు. పెండ్లి రేపనగా నేడు పప్పు నానబోసినట్లున్నది గదా! సినిమా తీయుటకు నెలలు, సంవత్సరములు. ఆటకు మాత్రము అయిదు వారములు. అతడు 8,192 అక్షరముల చోటిలో ఏదో యొకటి తయారుచేసియే యిచ్చెను. ఆ జీవి గోతులలో పడుచు, లేచుచు, తన యింటికి కబురు పంపుటకై టెలిఫోను ముక్కలను వెదకుకొనవలెను. పడిన గోతిలోనుండి పైకి వచ్చి మరల అదే గోతిలో పడుట పిల్లలకు విసుగు పుట్టించెను. లక్షల కొలది తయారుచేసిన పెట్టెలు అమ్ముడుపోక తిరిగివచ్చినవి. 1983లో న్యూమెక్సికోలోని అలమగోర్డో యను ఊరి చెత్తదిబ్బలో, ఇతర సరకుతో గలిపి వానిని పూడ్చిపెట్టిరి.

దీనిని జూచి తొందరయే దోషమనుకొందుము. అది కొంతవఱకే నిజము. 1984లో వచ్చిన ‘ఘోస్ట్‌బస్టర్స్’ అను హాస్యచిత్రమునకు గూడ డేవిడ్ క్రేన్ అను నతడు ఆఱు వారములలోనే ఆట కట్టెను. అది మాత్రము గెలిచినది. ఎట్లనగా, ఆ చిత్రములో ముగ్గురు దయ్యములను పట్టు వ్యాపారము పెట్టుకొందురు. క్రేన్ దయ్యములను జూడక వ్యాపారమును జూచెను. ఆట మొదలుపెట్టగనే మీ చేతిలో 10,000 డాలర్ల పెట్టుబడి యుండును. అందులోనే బండి కొనవలెను. చిన్న కారా, పాత శవవాహనమా, పరుగు తీయు ఖరీదైన కారా? ఖరీదైనది కొన్నచో పరికరములకు సొమ్ము చాలదు. చవుకది కొన్నచో అందు పరికరములు పట్టవు. వల యెన్ని, మీట యెన్ని, ఎర యెంత! ఊరిలో పిలుపు వచ్చిన యింటికి పోయి దయ్యమును పట్టి కూలి తెచ్చుకొనవలెను. తుదకు, పెట్టిన పెట్టుబడికంటె మించి సంపాదించినగాని చివరి ఘట్టమునకు పోవ వీలులేదు. గెలిచినవారికి ఒక సంఖ్య యిత్తురు. దానిని వ్రాసి దాచుకొన్నచో మరునాడు ఆ సొమ్ముతోనే ఆట మొదలుపెట్టవచ్చును.

చదువుచుండగనే మా చేతులు దురద పెట్టినవి. ఒకటవ తారీకున జీతపు కవరు చేతికి వచ్చినపుడు బియ్యము, పాలు, అద్దె, బడి జీతములు, అనుకోని జ్వరము నను పేర్లతో మనమాడు ఆట యిదియే! తేడా యేమనగా, మనకు మరునాటికి మిగిలిన సొమ్మును చూపు సంఖ్య యెవరును ఈయరు. ఆ చిత్రములో చింత యెక్కడ నున్నదో క్రేన్ పట్టుకొనెను, ఆ చింతను ఆడువాని నెత్తిన బెట్టెను, గెలిచెను.

ఇప్పుడు గజినికి వత్తము. మతిమఱపువానిని ‘వాడొక గజిని’ యనుట మన యూళ్ళలో వాడుకయైనది. హిందీ చిత్రమున ఆ పేరు నిజమునకు ప్రతినాయకునిది; ఆ వేషము వేసినవాడు మనకు ‘సై’ చిత్రమున పరిచితుడైన ప్రదీప్ రావత్. మతిమఱపు సంజయునిది. తాను వలచిన కల్పన హత్యకు గురికాగా, ఆ దెబ్బలోనే అతని తలకు గాయమై, పదునైదు నిమిషములకు మించి యేదియు జ్ఞాపకముండని స్థితి కలుగును. అందుచే అతడు ఛాయాచిత్రములు తీసి వానిపై పేర్లు వ్రాసికొనును. మఱవరాని మాటలను తన యొంటిపైననే పచ్చబొట్లు పొడిపించుకొనును. ఈ భావమునకు 2000లో వచ్చిన అమెరికా చిత్రము ‘మెమెంటో’ ప్రేరణ యందురు. ఎక్కడిదైనను, అందలి చింత మాత్రము అపూర్వము: ఎవరిని నమ్మవలెను? ఈ కాగితమును వ్రాసినది నేనేనా? ఇప్పుడు నేను పరుగెత్తుచున్నది వానిని తఱుముచునా, వాడు నన్ను తఱుముచుండగనా?

ఆటకు ఇంతకంటె మంచి ముడిసరుకు దొరకునా? పదునైదు నిమిషములకొక మాఱు పటము చెఱిగిపోవలెను. ఆడువాడు తాను ముందుగా వ్రాసికొన్న చీటీలనే నమ్ముకొని మరల బయలుదేరవలెను. తప్పు చీటీ వ్రాసికొన్నచో తప్పు మనిషిని కొట్టవలెను. అట్టి ఆటయైనచో పిల్లవాడు ఆలోచింపక తప్పదు. కాని చేతికి వచ్చిన ఆటలో పెద్దపీట పిడికిటిదే. సంజయుని కండలు వచ్చినవి, కన్నీరు రాలేదు. చిత్రమున ప్రేక్షకులు ఆ కండలను జూచి చప్పట్లు కొట్టిన మాట నిజమే. విపణిలో అమ్ముడుపోవునది అదియే యని తయారుచేసినవారు తలచియుందురు. వారి శ్రమను మేము తక్కువ చేయుట లేదు. పడమటివారు కోట్లు గ్రుమ్మరించు విద్యను హైదరాబాదులో కూర్చుండి సాధించి, మన సినిమాకు మనమే ఆట కట్టగలమని నిరూపించుట చిన్న పని గాదు. ధైర్యము చేసినవారు ఇంకొక అడుగు వేయలేదే యని మా విచారము.

ఈ ఆటను మేము కన్నులార చూచినది మా పొరుగున నున్న ఫైటరు గారింట. ఆయన యిరువదియేండ్లుగా సినిమాలలో దెబ్బలు తినుచున్నారు. మోకాలికి దెబ్బ తగిలి నెల దినములుగా ఇంటిపట్టున నున్నారు. పదునాఱేండ్ల కుమారుడు మా వారి శిష్యుడు. సికింద్రాబాదులో నెవరో వదిలించుకొన్న పాత కంప్యూటరు నొకదానిని తండ్రి రెండేండ్ల క్రిందట తెచ్చియిచ్చెను. ఈ డిస్కు దానితోబాటే వచ్చినది. క్రొత్త యంత్రములపై ఇట్టి పాత ఆటలు తఱచుగ నడువవు; ఆ ముసలి యంత్రముపై మాత్రము నడుచుచున్నది.

మేము పెరుగు తోడుకై వెళ్ళునప్పటికి పిల్లవాడు ఆడుచున్నాడు. సంజయుడు కొట్టుచున్నాడు, ఎదురు వచ్చినవారు పడుచున్నారు. తండ్రి కాలు మోడాపై చాచుకొని చూచుచు, “తప్పురా! అలా వెల్లకిలా పడితే నడుం పోద్ది. ముందు భుజం ఆనాలి, తరవాత వీపు. వాడికెవరూ నేర్పలేదు” అనెను.

పిల్లవాడు నవ్వి, “వాడు మనిషి కాదు నాన్నా, బొమ్మ” అనెను.

“బొమ్మైనా పడ్డం పడ్డమే కదా.”

కొంతసేపటికి పిల్లవాడు ఆట నాపి, తండ్రివైపు తిరిగి, “నాన్నా, నువ్వెప్పుడూ పడటమేనా? ఒక్కసారైనా ఎదురు కొట్టొచ్చుగా?” అని యడిగెను. మాకు గుండె ఝల్లుమనెను. బయటి పిల్లలెవరో బడిలో ఆ మాట ననియుందురు.

ఆయన కోపగించుకొనలేదు. “నేను సరిగ్గా పడితేనే కదరా ఆయన కొట్టినట్టు కనపడేది” అనెను. “ఆయన చెయ్యి నా మీద ఆనదు కూడా. మిగతాదంతా నా పని.”

పెరుగు గిన్నె తెచ్చిన ఇల్లాలు గుమ్మములో నిలిచి వినుచుండెను. మాకు గిన్నె యందించుచు, “ఆ కంప్యూటరులో వాళ్ళు ఎన్నిసార్లు పడ్డా లెక్కలేదు అక్కగారూ. ఈయన పడ్డవన్నీ నా దగ్గర లెక్కున్నాయి. ఏ సినిమాకి ఏ ఎముకో చెప్పమంటే చెప్తాను” అనెను. పరిహాసముగనే యనెను, కాని వెంటనే లోపలికి పోయెను. ఆ నెల అద్దె యింకను కట్టలేదని మఱి రెండు దినములకు మాకు తెలిసినది.

ఇంటికి వచ్చి ఆలోచించుకొనగా, మేము ఆటలో చూచిన సంజయుని మొగము గుర్తున్నది గాని, పడినవారిలో నొక్కరి మొగమైనను గుర్తు రాలేదు. సినిమా చూచినపుడును అంతే. అయితే సినిమాలో ఆ పడినవానికి ఒక పేరున్నది, ఒక ఇల్లున్నది, వాని పడుటను లెక్కబెట్టు భార్య యున్నది. సినిమానుండి ఆటకు వచ్చునపుడు నాయకుని మొగము భద్రముగా ప్రయాణము చేసినది. మా వీధి మాత్రము దారిలో దిగిపోయినది.

క్రేన్ వంటి బుద్ధిశాలి మా వీధికి వచ్చినచో ఇంకొక ఆట కట్టును. అందు ఆడువాడు నాయకుడు గాడు, ఫైటరు. తెల్లవాఱుజామున బండి యెక్కవలెను. నాయకుని చేయి ఎప్పుడు లేచునో కనిపెట్టి, రెప్పపాటు ముందుగాను గాక, వెనుకగాను గాక పడవలెను. ఎముక విఱిగినచో నెల దినములు ఆదాయము లేదు. పరుపు ఎంత మందముగ వేయించుకొనవలెను, మంటలలో దూకుమన్నచో ఒప్పుకొనవలెనా, తాడుపై వ్రేలాడుటకు ఎక్కువ కూలి యిత్తురు గాని మోకాలు సహించునా యని ప్రతిదినమును తేల్చుకొనవలెను. నెలాఖరున అద్దె కట్టినవాడు గెలిచినట్లు. మేమీ ఊహను మా వారితో చెప్పగా, వారు బల్లపైనున్న పరీక్షకాగితములు ప్రక్కకు నెట్టి, “అందులో ఇల్లాలి పాత్రయే కష్టమైనది” అనిరి.

ఇటీవలి కాలమున సినిమా ఆటలు డిస్కులను విడిచి చేతి ఫోనులలోనికి వచ్చినవి. 2017లో బాహుబలి రెండవ భాగము వచ్చిన యేట, బెంగుళూరు సంస్థయగు మూన్‌ఫ్రాగ్ వారు ఆ చిత్రమునకు ఆట వెలువరించిరి. అందు మాహిష్మతిని కట్టుకొని, సేనను సమకూర్చుకొని, కాలకేయులనుండి కాపాడుకొనవలెను. రాజ్యము నిలువబెట్టు చింత కొంతయైనను ఆడువానికి అంటినది గాన, ఒక మెట్టు ఎక్కినదనియే చెప్పవచ్చును. ఫోను ఆటలకు వేఱొక రోగము గలదు. అందు మధ్యమధ్య సొమ్ము పెట్టి సరకులు కొనుమని ఊరించుచుందురు. పిల్లల చేతికి ఫోను ఇచ్చినపుడు సొమ్ము చెల్లించు మార్గము మూసియే యీయవలెను. దీనిని గూర్చి వేఱుగ వ్రాయదగినది చాల గలదు.

ఇక మన గోదావరి సోదరికి. పిల్లవానికి పదునైదు నిండువఱకు ఆ డిస్కును మీయొద్దనే యుంచుకొనుడు. దాచినట్లు గాక, ఎందుకుంచితిరో చెప్పియే యుంచుకొనుడు. తయారుచేసినవారి సూచన యిది యని చూపినచో అమ్మ మాటకంటె త్వరగ వినును. తరువాత ఆడునపుడు ఒకటి రెండు మాఱులు ప్రక్కన కూర్చుండుడు. ఏమి అర్థమైనదని యడుగవలదు, “ఇప్పుడు నీకు దేనిని గూర్చి చింత?” యని యడుగుడు. “ఎవడు వెనుకనుండి వచ్చునో” యని మాత్రమే చెప్పినచో అది కొట్లాట యాట. గంటకు మించి ఆడవలసినది లేదు. “ఇది చేయనా, అది చేయనా” యని తడుముకొన్నచో కొంత మేలైనది. వీలైనచో అదే వారమున సినిమాను గూడ ఇంటిల్లిపాదియు చూడుడు. ఆటలో లేనిదేదో వాడే కనిపెట్టి చెప్పును.

ఇంకొక సంగతి. అటక దులుపుటలో దొరకినదనిరి గాన వ్రాయుచున్నాము: పాతదని దానిని భోగిమంటలో వేయకుడు. ఆ డిస్కు కాలినచో వచ్చు పొగ చంటిపిల్లలకు మంచిది గాదు. అదియు గాక, అలమగోర్డోలో పూడ్చిన పెట్టెలను 2014 ఏప్రిలులో జనము చూచుచుండగా త్రవ్వి తీసిరి. దాదాపు 1,300 బయటపడినవి. ఎవరికిని వలదన్న ఆ ‘ఇ.టి.’ ఆటలలో నొకటి నేడు వాషింగ్టనులోని స్మిత్సోనియన్ సంగ్రహాలయమున నున్నది. మన హైదరాబాదులో తయారైన ఆటను మనము ఏ చెత్తదిబ్బను త్రవ్వి తీయుదుము? మెత్తని గుడ్డతో మధ్యనుండి అంచునకు తుడిచి, ఎండ తగులనిచోట డబ్బాలో నిలువుగ బెట్టుడు. డబ్బాపై ఒక చీటీ అంటించి, ఏ సంవత్సరపు ఆటయో, ఏ యంత్రముపై నడిచినదో, ఎవరు ఆడిరో మీ పిల్లవాని చేతనే వ్రాయింపుడు.